రోజుకు జానెడు దగ్గరగా

నా బుగ్గ మీది పుట్టుమచ్చ పుణ్యమా అని బిక్షపతి నాకు పరిచయమయ్యాడు.

ఉద్యోగం నుంచి రిటైరైన కొత్తలో పెన్షన్ కాగితాలకు ఫోటోలు కావలసివచ్చాయి. నాచారం మెయిన్ రోడ్డు మీద మానస ఫోటో స్టూడియో అని బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్లాను. యాభై దాటిన బక్కపల్చటి మనిషి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తమని, దించమని, మళ్లీ ఎత్తమని, చివరికి ఒక ఫోటో తీశాడు. పావుగంటలో ఎనిమిది కాపీలు కత్తిరించి కవర్లో పెట్టి ఇచ్చాడు. తీసి చూసుకుంటే అందులో ఉన్నావిడ ఎవరో నాకు తెలియలేదు. నాకంటే పదేళ్లు చిన్నది. మంచి తెలుపు. బుగ్గ మీద ఏమీ లేదు.

“నా పుట్టుమచ్చ ఏదయ్యా?” అన్నాను.

“తీసేసిన మేడమ్. మంచిగ కనవడ్తదని.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను చెప్పుకోవడం కాదు, ముప్పై నాలుగేళ్లు నాతో పనిచేసినవాళ్లంతా చెప్పే మాట. ఉప్పల్లో మ్యాపులు తయారుచేసే సర్కారు ఆఫీసులో నా ఉద్యోగం. వాగు ఉన్నచోట వాగు, గుట్ట ఉన్నచోట గుట్ట గీయాలి. చూడ్డానికి బాగుండదని గుట్టను చెరిపేస్తే ఊరుకునేవాళ్లు ఎవరూ లేరక్కడ. అదంతా అతనికి నిలబెట్టి చెప్పి, నా మచ్చ నాకు వచ్చేదాకా కదలనని కూర్చున్నాను. అతను కిక్కురుమనకుండా కంప్యూటర్ ముందుకు పోయాడు.

అప్పుడు చూశాను, కంప్యూటర్ పైన గోడకు తగిలించిన గుడ్లగూబ ఫోటోని. రెండు గుప్పిళ్లంత పిట్ట. బూడిద రంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, పసుపుపచ్చ కళ్లు, వాటి మీద కోపంగా తెల్ల కనుబొమలు. ఈక ఈకా విడిగా కనబడుతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే దాని నల్లగుడ్డులో, ఒక గోడ మీద కూర్చున్న మనిషి ఆకారం కూడా ఉంది.

“దీనికేమీ తీసెయ్యలేదా?” అని ఎత్తిపొడిచాను.

“దానికేం తీస్త మేడమ్, అన్ని మంచిగనే ఉన్నయి కద.”

“మాకు లేవా?”

“మనుషులు అడుగుతరు మేడమ్. తెల్లగ జెయ్యమంటరు, సన్నగ జెయ్యమంటరు, ఎన్కల పూలతోట పెట్టమంటరు. గిది ఏం అడగలే. ఉన్నది ఉన్నట్టు తీసుకోమన్నది,” అన్నాడు బిక్షపతి, తల తిప్పకుండానే.

ఆ మాటకు నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం, పుట్టుమచ్చను సరిగ్గా దాని చోట పెట్టాక దిగింది.

బిక్షపతిది జనగామ దగ్గర ఒక పల్లె. ఇరవయ్యో ఏట నాచారం వచ్చి సీసా మూతలు చేసే కంపెనీలో చేరాడు. ఏడాదికోసారి ఐడీ కార్డుల కోసం ఒక ఫోటోగ్రాఫర్ వచ్చేవాడట. కార్మికుల వెనక తెల్లగుడ్డ పట్టుకుని నిలబడే పని బిక్షపతికి వేసేవాళ్లు. మూడేళ్లు గుడ్డ పట్టుకుని పట్టుకుని ఫోటో తీయడం నేర్చేసుకున్నాడు. తర్వాత ఆ ఫోటోగ్రాఫర్ దగ్గరే చేరి, ఆయన ముసలివాడయ్యాక తన కూతురి పేరున సొంత స్టూడియో పెట్టుకున్నాడు. ఇప్పుడా కూతురు మానస నాగారంలో కాపురం ఉంటోంది. ముహూర్తాలున్న రోజుల్లో పెళ్లిళ్లు, లేని రోజుల్లో పాస్‌పోర్టు ఫోటోలు, కంపెనీల్లో ఐడీ ఫోటోలు. అదీ అతని బతుకు.

గుడ్లగూబ అతనికి అలా ఒక కంపెనీ ఆవరణలోనే తగిలింది. ఆ రోజు వంద మందిని వరుసగా నిలబెట్టి తీస్తున్నాడు. అతను బటన్ నొక్కుతాడు, వాళ్లు కళ్లు మూస్తారు. విసిగిపోయి తలెత్తితే, షెడ్డు చూరు కింద ఒక పిట్ట కూర్చుని రెప్ప వేయకుండా ఇతన్నే చూస్తోంది. అతని ఊళ్లో దాన్ని పైడికంటి అంటారు. “వందమందిల అదొక్కతే నా దిక్కు సక్కగ జూసింది మేడమ్,” అని అతను ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు. ఉన్నపళంగా ఒక ఫోటో తీశాడు. పెద్దది చేసి చూస్తే చింతపండు ముద్దలా వచ్చింది. దగ్గరికి పోతే తప్ప లాభం లేదని అప్పుడే అనుకున్నాడట.

దగ్గరికి పోవడం అంటే ఏమిటో నాకు అతన్ని చూశాకే తెలిసింది. మూతపడిన ఒక దారం మిల్లు వెనక సందులో పాత నిద్రగన్నేరు చెట్టు ఉండేది. దాని తొర్రలో పైడికంటి జంట కాపురం. చెట్టు దాకా మిల్లు ప్రహరీ గోడ ఉంది. బిక్షపతి రోజూ సాయంత్రం ఐదున్నరకు ఆ గోడ అవతలి చివర, చెట్టుకు దూరంగా, ఎక్కి కూర్చునేవాడు. మొదటి నెలంతా కెమెరా తీసుకుపోలేదు. ఒంటి మీద ఎప్పుడూ అదే ఖాకీ చొక్కా, మూతల కంపెనీ నాటిది. ఒక రోజు పెళ్లి నుంచి నేరుగా తెల్లచొక్కాతో పోతే జంట లేచిపోయి రెండు రోజులు కనబడలేదట. పిట్టలు అలవాటు పడ్డాయని తోచిన రోజు ఒక జానెడు ముందుకు జరిగేవాడు. జరిగినచోట గోడ మీద సుద్దముక్కతో గీత. తోచకపోతే జరగడు. బెదిరాయనిపిస్తే రెండు గీతలు వెనక్కి. ఫ్లాష్ వేయడు. సెల్‌ఫోన్లో గుడ్లగూబ అరుపులు పెట్టి పిలవడు. “పరాయి ఇంట్ల దొంగ బెల్లు కొట్టినట్టుంటది మేడమ్,” అనేవాడు.

అలా ముప్పై అడుగుల గోడ దాటడానికి అతనికి పదకొండు నెలలు పట్టింది.

అతని భార్య సారలమ్మకు ఈ వ్యవహారం మొదట్నుంచీ గిట్టలేదు. ఇంటి మీద వాలితే ఇల్లు ఖాళీ చేయించే పిట్ట అది, దాని దగ్గర పొద్దుగూకే వేళ కూర్చుని వచ్చే మొగుణ్ని గుమ్మంలోనే ఆపి పసుపునీళ్లు చల్లేది. “ఊరంత పెండ్లి జంటల ఫోటోలు దీస్తడు, ఈయనకు సావుపిట్ట దొరికిందమ్మా,” అని నాతో మొత్తుకునేది. నేను నవ్వితే నన్నూ తిట్టేది. నాకు ఆవిడంటే భలే ఇష్టం. నా కోపానికి సరిజోడు ఆ చుట్టుపక్కల ఆవిడ ఒక్కతే.

అప్పటికి నేను వారానికి రెండు మూడు రోజులు అతని వెంట పోవడం మొదలుపెట్టాను. గోడ ఎక్కే వయసు కాదు కనుక కింద ఖాళీ పెయింటు బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేదాన్ని. “మేడమ్, ఒక్క ముచ్చట. మాట్లాడొద్దు,” అని ముందే ఒట్టు వేయించుకున్నాడు. గంటసేపు నోరు మూసుకుని కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. దోమలు కుట్టాయి. అవతలి రోడ్డు మీద షిఫ్టు వదిలిన బస్సులు, బైకులు మోత. ఆ మోతలో తొర్రలోంచి ఒక గుండ్రటి తల బయటికి వచ్చింది. నన్ను చూసి తల కిందికీ పైకీ ఆడించింది, కుట్టుమిషన్ సూదిలా. తర్వాత ఇంకో తల. రెండూ బయటికి వచ్చి కొమ్మ మీద ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. నాకు కళ్లవెంట నీళ్లు వచ్చాయి. ఎందుకొచ్చాయో అడిగితే చెప్పలేను.

పోయిన సెప్టెంబరులో అతను ఆ ఫోటో తీశాడు. నేను అక్కడే ఉన్నాను. ఒక పిట్ట ముక్కుతో రెండోదాని మెడ నెమ్మదిగా దువ్వుతోంది. రెండోది కళ్లు మూసుకుని, మెడ పక్కకు వాల్చి, ఇంకా అన్నట్టు ఇంకొంచెం వాల్చింది. బిక్షపతి తీసింది ఒక్కటే ఫోటో. పిట్టలు తొర్రలోకి పోయాక నేను టేపు తెప్పించి కొలిచాను. అతని కెమెరాకూ పిట్టలకూ మధ్య ఏడడుగులు.

ఆ ఫోటో పెద్దది చేయించి ఇంటికి తెచ్చిన రోజు సారలమ్మ పసుపునీళ్ల చెంబుతోనే నిలబడి చాలాసేపు చూసింది. “కండ్లు మూసుకున్నది ఆడిదా?” అని అడిగింది. “ఔ,” అన్నాడు బిక్షపతి. నిజానికి అతనికీ తెలియదు, ఆ పిట్టల్లో ఆడదేదో మగదేదో చూసి చెప్పలేం. సారలమ్మ చెంబు లోపల పెట్టేసింది. ఆ తర్వాత మళ్లీ బయటికి తేలేదు.

ఇక్కడిదాకా అంతా బాగుంది. ఇక్కడ నా తెలివి తెల్లారింది.

ఆ ఫోటోని స్టూడియో అద్దాల్లో పెడదామన్నాడు బిక్షపతి. స్టూడియోలవాళ్లు అందరికీ కనబడేలా అద్దాల వెనక తాము తీసిన పెళ్లిజంటల్లో మంచి జంటను పెడతారు కదా, దాన్ని తీసేసి దీన్ని పెడతానన్నాడు. నేను ఒక్క షరతు పెట్టాను. కింద చీటీ ఉండాలి. ఏ తేదీ, ఏ సమయం, ఏ స్థలం. “ఎక్కడిదో తెలియని బొమ్మ మా ఆఫీసులో చెత్తబుట్టలోకి పోతుందయ్యా. చోటు రాస్తేనే అది సాక్ష్యం, లేకపోతే ఉత్త ముచ్చట,” అన్నాను. అతను సరేనన్నాడు. నేనంటే అతనికి అంత గురి. పైగా చీటీ నన్నే రాయమన్నాడు. ఇంటికి వెళ్లి, ఎన్నాళ్లుగానో మూతబెట్టి ఉన్న నా మ్యాపుల కలం కడిగి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చాను. నాచారం, మూతపడిన దారం మిల్లు, వెనక సందు, ఉత్తరపు గోడ చివర నిద్రగన్నేరు, నేలకు తొమ్మిదడుగుల ఎత్తున తొర్ర. కింద అక్షాంశం, రేఖాంశం కూడా వేశాను. అంత వివరంగా మా ఆఫీసులో కూడా ఎవరూ అడగలేదు.

దసరా ముందు ఫోటో అద్దాల్లోకి ఎక్కింది. గుడ్లగూబ ఎదురొచ్చిందని ఒక పెళ్లివారు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయారు. బిక్షపతి లెక్కచేయలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, ఇతనికి గూబలు. దారినపోయేవాళ్లను పిలిచి మరీ చూపించేవాడు.

దీపావళి ఇంకా పన్నెండు రోజులుందనగా ఒక సాయంత్రం నేను స్టూడియోకు వెళ్తే అతని ముఖం వెలిగిపోతోంది.

“ఇయ్యాల ఒకాయన బైకు మీద వచ్చిండు మేడమ్. బండి ఆపి మరీ దిగిండు. మస్తు పొగిడిండు. పిట్టలు ఇంకా ఆణ్నే ఉన్నయా అని అడిగిండు. రోజు ఐదున్నరకు బయటికొస్తయని చెప్పిన. మీ చీటీ మొత్తం చదివిండు, ఫోన్ల ఫోటో గూడ తీసుకున్నడు. రాసినోళ్లెవరో గని దస్తూరి మస్తుందన్నడు.”

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాటకు నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. రాసింది నేనేనని చెప్పావా లేదా అని కూడా అడిగాను.

మర్నాడు గోడ ఎక్కబోతూ బిక్షపతి ఆగిపోయాడు. తొర్ర పక్క కొమ్మకు రెండు సన్నటి వెదురు పుల్లలు కట్టి ఉన్నాయి. పుల్లలకు గోధుమరంగు జిగురు. ఒకదానికి ఒక చుక్కల ఈక అంటుకుని ఉంది. నాకు అవేమిటో తెలియదు. పల్లెలో పుట్టినవాడు కనుక అతనికి తెలుసు. పిట్ట వాలిందంటే కాళ్లు, రెక్కలు అతుక్కుపోయి కదలలేదు. ఆ తర్వాత పండు కోసుకున్నట్టు కోసుకోవడమే.

“ఉన్నాయా?” అన్నాను. 

అతను గోడ మీదుగా పోయి పుల్లలు ఊడదీసి, తొర్రలోకి చూశాడు. “ఉన్నయి. రెండున్నయి,” అన్నాడు. తోకలో ఒక ఈక ఊడగొట్టుకుని ఏదో ఒకటి తప్పించుకుంది. ఈసారికి బతికాయి.

దీపావళి వస్తోందంటే గుడ్లగూబకు చేటుకాలం. లక్ష్మీదేవి వాహనమని బంధించేవాడు ఒకడు, క్షుద్రపూజలకని పట్టుకుపోయేవాడు ఇంకొకడు. ఇదంతా నేను పేపర్లలో ఏటా చదువుతూనే ఉన్నాను. చదివీ, వాటి ఇంటి చిరునామా నా చేత్తో నేనే రాసి రోడ్డు మీద వేలాడదీశాను. ఆ క్షణాన స్టూడియోకు ఎలా నడిచానో గుర్తులేదు. అద్దం తలుపు తీసి చీటీ చించి ముక్కలు చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అది అప్పటికే ఆ బైకువాడి ఫోన్లో ఉంది.

“నన్ను తిట్టు బిక్షపతీ,” అన్నాను.

“మీరు చోటు రాసిన్రు. టైము నేను జెప్పిన,” అన్నాడు అతను.  తిట్టినా బాగుండేది.

అటవీశాఖకు ఫోన్ చేశాను. పొద్దున్నే జీవన్ అనే కుర్ర ఉద్యోగి వచ్చాడు. మంచివాడు. బిక్షపతి ఊడదీసిన పుల్లలు సంచిలో వేసుకుని, అన్నీ రాసుకున్నాడు. తర్వాత చెట్టు కిందికి పోయి తలెత్తి చూశాడు. పొద్దుటి ఎండకు ఒక పిట్ట తొర్ర అంచున కూర్చుని ఉంది. జీవన్ ఒక అడుగు ముందుకు వేశాడు. కదల్లేదు. చెయ్యెత్తాడు. తల ఆడించి చూసింది తప్ప కదల్లేదు.

“గిదేంది సార్, మనిషంటే భయమే లేదు దీనికి?” అన్నాడు బిక్షపతితో. “మేం రోజుకు రెండుసార్లు వచ్చి పోతం. కానీ రాత్రింబగళ్లు ఈడనే కూసోలేం గద. గా జిగురు పుల్లలు గూడ అక్కరలేదు సార్. నిచ్చెనేసుకుని వచ్చి చేత్తోటి పట్టుకపోవచ్చు.”

బిక్షపతి తల వంచుకుని విన్నాడు. ఏడడుగుల దూరంలో కెమెరా పెట్టినా కళ్లు మూసుకుని మెడ వాల్చేంత నమ్మకం ఆ పిట్టలకు అతను పదకొండు నెలలు కూర్చుని నేర్పాడు. ఇప్పుడా నమ్మకమే వాటి మెడకు చుట్టుకుంది. పిట్టకు ఈ మనిషి వేరు, ఆ మనిషి వేరు అని తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం వాళ్ల ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. అన్నం ఎవరికీ సయించలేదు.

“ఎల్లగొడ్త,” అన్నాడు బిక్షపతి ఉన్నట్టుండి.

“ఎవర్ని?” అంది సారలమ్మ.

“పిట్టల్ని. మనిషిని జూస్తే సచ్చేటంత భయపడాలె. ఆ చెట్టు దిక్కే రావొద్దు.”

“నీతోని గాదయ్యా. నీ చెయ్యి రాదు. నేను పోయి పళ్లెం కొడ్త.”

“నువ్వు కొడ్తే నువ్వంటే భయపడ్తయి. నన్ను జూస్తే మల్ల దగ్గరికొస్తయి. అవి నమ్మింది నన్ను. నేనే కొట్టాలె,” అన్నాడు.

సారలమ్మ లేచి వంటింట్లోంచి స్టీలు పళ్లెం, గరిటె తెచ్చి అతని ముందు పెట్టింది. పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఐదున్నరకు అతను ఖాకీ చొక్కా వేసుకుని గోడ ఎక్కాడు. చివరి సుద్దగీత దాకా నడిచి కూర్చోకుండా నిలబడ్డాడు. నేనూ సారలమ్మా కింద ఉన్నాం. రెండు తలలూ బయటికి వచ్చాయి. అతన్ని చూసి, రోజూలాగే తలలాడించి, కొమ్మ మీదికి వచ్చి కూర్చున్నాయి. ఒకటి రెండోదాని వైపు మెడ వాల్చింది.

అతను పళ్లెం ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. నేను అటు చూడలేక ముఖం పక్కకు తిప్పుకున్నాను.

ఒక్కసారిగా పళ్లెం మోగింది. పిట్టలు పైకొమ్మ మీదికి దూకాయి. అంతే, పారిపోలేదు. అక్కణ్నుంచి వంగి, తలలు ఆడిస్తూ, ఏమయింది ఇతనికి అన్నట్టు చూశాయి. అతను గోడ మీద అటూ ఇటూ తిరుగుతూ మోగిస్తూనే ఉన్నాడు.

“పోన్రి! ఏం జూస్తున్నరే నా మొఖం? మీకు బుద్ధి లేదా? ఎవడంటే వాణ్ని నమ్ముతరా? పోన్రి!”

పోలేదు. అప్పుడు అతను వంగి గోడ పెచ్చు ఊడదీసి విసిరాడు. అది కొమ్మకు తగిలి పొడి పొడి అయింది. ఇంకొకటి విసిరాడు. రెండు పిట్టలూ కీచుమని అరిచి రెక్కలు కొట్టుకుంటూ మిల్లు మీదుగా వెళ్లిపోయాయి. బిక్షపతి పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత గోడ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సారలమ్మ కింది నుంచి అతని పాదం పట్టుకుని, “దిగు, ఇగ దిగు. మంచిపనే జేసినవు,” అంటూనే ఉంది.

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అంటారు. తెలియకుండా ఉండడమే ఎంత అదృష్టమో ఆ సాయంత్రం నాకు అర్థమయింది. వాటికి తెలియజెప్పే పని అతని నెత్తిన పడింది.

మర్నాడు అవి తిరిగి వచ్చాయి. అతనూ వెళ్లాడు. ఆ రోజు పళ్లెం ఎత్తగానే లేచిపోయాయి. మూడోరోజు అతను గోడ ఎక్కుతుండగానే లేచాయి. నాలుగోరోజు సందు మలుపులో ఖాకీ చొక్కా కనబడిందో లేదో రెండూ అరుచుకుంటూ ఎగిరిపోయాయి. ఐదోరోజు తొర్ర ఖాళీ. బిక్షపతి జేబులోంచి తడిగుడ్డ తీసి గోడ మీది సుద్దగీతలు చివరి నుంచి మొదటిదాకా తుడుచుకుంటూ వచ్చాడు. 

దీపావళి ముందురోజు వెలుతురు ఉండగానే వాళ్లు వచ్చారు. ఇద్దరు మనుషులు, బైకు వెనక మడత నిచ్చెన. నేనూ బిక్షపతీ మూలనున్న చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాం. ఒకడు నిచ్చెన ఎక్కి తొర్రలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పెట్టి కెలికాడు. తీశాడు, మళ్లీ పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయి ముందుకు నడవబోతే బిక్షపతి అడ్డంగా నిలబడి, “వద్దు మేడమ్, ఖాళీ చేతులతోటి పోనియ్యిన్రి,” అన్నాడు. నేను బైకు నంబరు రాసుకుని జీవన్‌కు పంపాను. అతను మర్నాడే వాళ్లను పట్టుకుని, వాళ్లింట్లో బుట్ట కింద ఉన్న వేరే రెండు గుడ్లగూబలను విడిపించాడు. నా చేతిరాత వల్ల జరిగిన ఒకే ఒక మంచి అది.

తర్వాత బిక్షపతి పిట్టల ఊసెత్తలేదు. అద్దాల్లో మళ్లీ పెళ్లిజంటను పెట్టాడు. సాయంత్రాలు ఐదున్నరకు షాపు గుమ్మంలో నిలబడి రోడ్డు చూసేవాడు. ఫోటోకు వచ్చినవాళ్లు తెల్లగా చేయమంటే తెల్లగా, సన్నగా చేయమంటే సన్నగా చేసిచ్చాడు. అతన్ని అలా చూసినప్పుడల్లా, నా మాట విన్నందుకే కదా అనిపించేది. ఆ మాట అంటే, “మీరు లేకున్నా నేను ఎవరికో ఒకరికి చెప్పుకునేటోణ్నే మేడమ్. మంచిది దొరికితే చెప్పకుండ ఉండబుద్ధి గాదు,” అన్నాడు.

మార్చిలో ఒక పొద్దున ఫోన్ చేశాడు. “మేడమ్, జర వస్తరా?” అన్నాడు, అంతే. నేనూ సారలమ్మా అతని వెంట నడిచాం. ఎక్కడికో ఇక్కడ రాయను, నన్ను అడగొద్దు. ఒక మలుపు దగ్గర ఆపి, దూరంగా ఒక మోడుచెట్టు వైపు వేలు చూపించాడు. డెబ్బై అడుగులకు తక్కువుండదు. నా కళ్లద్దాల్లోంచి ముందు ఏమీ కనబడలేదు. తర్వాత కొమ్మ మీద ఆనుకుని కూర్చున్న రెండు బూడిద ముద్దలు కనబడ్డాయి. వాటి కింద తొర్రలోంచి మూడో తల, ఇంకా ఈకలు రాని నూగు తల, అటూ ఇటూ చూస్తోంది.

“బిడ్డ ఉన్నదయ్యా!” అంది సారలమ్మ, గొంతు తగ్గించి.

బిక్షపతి ఒక్క అడుగు ముందుకు వేశాడు. కావాలనే వేశాడు. కొమ్మ మీది పిట్ట గట్టిగా ఒక్క అరుపు అరిచింది. నూగు తల చటుక్కున తొర్రలోకి మాయమైపోయింది. పెద్దవి రెండూ లేచి ఇళ్ల వెనక్కి వెళ్లిపోయాయి. మేం చాలాసేపు నిలబడ్డాం. పిల్ల మళ్లీ తల బయట పెట్టలేదు.

“పిల్లకు గూడ చెప్పిన్రు మేడమ్, నేను మంచోణ్ని గాదని,” అన్నాడు బిక్షపతి. నవ్వుతూనే అన్నాడు, కళ్లు మాత్రం ధారలు కట్టాయి. “ఇగ ఫికర్ లేదు. పోదాం పదున్రి.”

కెమెరా భుజానికే ఉంది. సంచీలోంచి తీయనైనా తీయలేదు.